మొదటి తీర్థం

పగ తీర్చుకోవాలనుకునేవాళ్ళు క్రిమినల్ కోర్టుకు పోతారని బయటివాళ్ళ నమ్మకం. అక్కడికి పోయేది కోపం వచ్చినవాళ్ళు. కోపం చెంపదెబ్బతో మొదలై బెయిలు దొరికేసరికి సగం చల్లారుతుంది. పగ పట్టినవాళ్ళు మా దగ్గరికి వస్తారు. సివిల్ దావాలో అరుపులుండవు, రక్తం ఉండదు. వాయిదాలుంటాయి. ఒక మనిషి ఇంకో మనిషిని ఏళ్ళ తరబడి నెల నెలా పిలిపించి వరండాలో నిలబెట్టాలంటే ఇంతకు మించిన ఏర్పాటు ఈ దేశంలో లేదు.

పుదుచ్చేరి పక్కనున్న ఏంబలం నుంచి నా దగ్గరికి ఒక రైతు వస్తుంటాడు. సొంత అన్నతో బోరుబావి తగాదా. దావా నడుస్తుండగానే బోరు ఎండిపోయింది. "నీళ్ళే లేవు కదా, ఇంక దేనికి?" అని ఒకసారి అడిగాను.

"నీళ్ళెవరికి కావాలక్కా? ఆ బోరు మాయన్నది కాదని జడ్జి నోటితో చెప్పాల. వాడు నిలబడి వినాల. అంతే."

ఇంకో వకీలైతే నవ్వి ఉండేవారు. నేను ఆ కేసు కట్టకు ముడి వేస్తూ "చెప్పిద్దాంలే" అన్నాను. ఆ రైతు మనసు నాకు అర్థమైనంతగా నా క్లయింట్లలో ఇంకెవరి మనసూ అర్థం కాలేదు. అప్పటికి నా గదిలోనే, దేవుడి పటం కిందున్న అరలో, నాది అనదగ్గ కేసు ఒకటి ఉంది. వాదులుగా వేరేవాళ్ళ సంతకాలున్నాయి కానీ పగ మాత్రం నాది.

మా వీధిలో ఒక భజన కూటం ఉంది. పెంకుల కప్పు, ఎర్రటి సిమెంటు నేల, లోపల పెరుమాళ్ళ పటం, పక్కనే నరసింహస్వామి పటం, గోడకు ఆనించిన హార్మోనియం. పుదుచ్చేరిలో తరాలుగా స్థిరపడిన మా తెలుగు కుటుంబాలన్నింటికీ అదే బడి, అదే గుడి. మా ఇళ్ళలో తెలుగు మాట్లాడతారు కానీ చదవడం చాలామందికి రాదు. పాటలన్నీ చెవితో నేర్చుకున్నవే. కొందరు తమిళ అక్షరాల్లో రాసుకుని పాడతారు. నేను తెలుగు అక్షరాలు దిద్దింది ఆ ఎర్రటి నేల మీద, సుద్దముక్కతో. నేర్పింది గోష్ఠిని, అంటే మా భజన బృందాన్ని, నడిపే భాగవతార్. ఆయన్ను వీధంతా తాత అంటుంది. శరణాగతి అంటే ఏమిటో, ప్రపత్తి అంటే ఏమిటో ఆయన చెబుతుంటే వింటూ పెరిగాను. దేవుడి మీద నా నమ్మకానికి పునాది అదే. ఇప్పటికీ కోర్టుకు బయలుదేరే ముందు గౌను మడిచి స్వామి పటం ముందు పెట్టి, మళ్ళీ తీసుకుని గానీ వెళ్ళను.

ధనుర్మాసంలో మా గోష్ఠికి ఒక పద్ధతి ఉంది. తెల్లవారకముందే అందరూ కూటం దగ్గర చేరి, కర్రకు కట్టిన దీపం ముందు నడవగా, పాడుకుంటూ వీధులన్నీ తిరిగి వస్తారు. తిరిగి వచ్చాక ఆ రోజు దీపం మోసినవాడికి పెరుమాళ్ళ వస్త్రం తలకు చుడతారు. దాన్ని పరివట్టం అంటారు. మొదటి తీర్థం అతనికే. ఆ తరువాతే మిగతా మగవాళ్ళకు, వాళ్ళ తరువాత ఆడవాళ్ళకు. నెల మొదటి రోజున మాత్రం ఆ మర్యాద కూటం వ్యవహారాలు చూసే ధర్మకర్త ఇంటివాళ్ళది, ఎందుకంటే కూటం ఉన్న స్థలం ఇచ్చింది వాళ్ళ ముత్తాత.

మా నాన్నకు తేంగాయితిట్టు హార్బరు దారిలో అంగడి ఉండేది. పడవలకు కావలసిన తాళ్ళు, వలలు, బెండ్లు అమ్మేవాడు. ఒక ధనుర్మాసం మధ్యలో వాన పట్టుకుంది. దీపం మోసే మనిషికి జ్వరం. ఆ ఉదయం నాన్న ముందుకొచ్చి, దీపం ఆరకుండా ఒక చేత్తో తాటాకు గొడుగు, ఒక చేత్తో కర్ర పట్టుకుని వీధులన్నీ తిరిగాడు. నేను ఆడపిల్లల వరుసలో తడుస్తూ వెనక నడిచాను. కూటానికి తిరిగొచ్చాక నాన్న పరివట్టం కోసం తల వంచాడు. తాత వస్త్రం అందుకున్నాడు. అప్పుడు ధర్మకర్త లేచి, తాత చేతిలోంచి ఆ వస్త్రం లాక్కున్నాడు.

"చేపలోళ్ళకు తాళ్ళమ్మేవోడికి పరివట్టమా? వాని చేతులు వాసన చూడండయ్యా. పెరుమాళ్ళకే కడుపులో తిప్పుతాది."

కొందరు నవ్వారు. ఎవరెవరు నవ్వారో నాకు గుర్తుంది. నాన్న వంచిన తల ఎత్తి, దీపం కర్రను గోడకు జాగ్రత్తగా ఆనించి, బయటికి నడిచాడు. ఇంటికొచ్చి పెరటి తొట్టి దగ్గర కూర్చుని కుంకుడుకాయ రసంతో చేతులు కడుక్కున్నాడు. నిమ్మచెక్కతో రుద్దుకుని మళ్ళీ కడుక్కున్నాడు. ఆ తరువాత కూటం గడప తొక్కలేదు. పోయేదాకా భజన వినపడే దూరంలో, వీధి మలుపులో నిలబడి వినేవాడు. ఇక ధర్మకర్త ఆ ఏడాది నుంచి ఒక్క రోజు మర్యాదను నెలంతా తనదే చేసుకున్నాడు.

నేను లా చదివింది న్యాయం కోసమని ఎవరితోనూ ఎప్పుడూ చెప్పలేదు. అబద్ధం చెప్పడం నా మతంలో పాపం.

ఇప్పటి సంగతికి వస్తాను. ఈమధ్య నా బల్ల మీదికి వచ్చే దావాల్లో చాలావరకు పాత ఇళ్ళవే. శని ఆదివారాలు చెన్నై నుంచి, బెంగుళూరు నుంచి కార్లలో దిగేవాళ్ళకు పాత గోడలు, పాత స్తంభాలు కావాలి. వాటి మధ్య కూర్చుని కాఫీ తాగాలి, ఫొటోలు దిగాలి. అందుకని ముసలి అత్తను మేడ మీది గదిలోకి తోసి కింది వాటా హోటలుకు ఇచ్చే మేనల్లుళ్ళు, అక్క సంతకం లేకుండానే ఇల్లు లీజుకు రాసే తమ్ముళ్ళు బయలుదేరారు. ఒక రోజు మా భజన కూటానికీ తాళం పడింది. చెన్నై నుంచి వచ్చిన వ్యాపారి ఎవరో లోపల టేపు పట్టి కొలతలు తీసుకుని పోయాడు. కూటాన్ని కాఫీ హోటలు చేస్తారట. పటాలు తన ఇంట్లో పెట్టుకుంటానని ధర్మకర్త చెప్పాడు.

అడగడానికి పోయిన తాతతో అన్నాడట, "అది మా ఇల్లు సామీ. ఇన్నాళ్ళూ మా ముంగిట్లో పాడుకోనిచ్చినాం. ఇంక చాలు. మీరు ఇంకో యాడన్నా పాడుకోండి."

తాత, ఇంకొక పెద్దమనిషి కలిసి నా దగ్గరికి వచ్చారు. కూటం గోష్ఠి అందరిదీ అని తేల్చమని, తాళం తీయించమని, ధర్మకర్తను ఆ పదవి నుంచి తొలగించమని దావా వేశాం. లీజు ముందుకు పోకుండా కోర్టు ఆపింది. తాళం మాత్రం అలాగే ఉంది. కాగితం చూస్తే అతని పక్షాన ఉంది. ఫ్రెంచివాళ్ళ కాలంలో రాసిన దస్తావేజులో స్థలం అతని ముత్తాత పేరనే ఉంది. ఊరికి ఇచ్చినట్టు అందులో ఒక్క ముక్క లేదు. ఇలాంటి కేసుల్లో కోర్టు చూసేది ఒకటే. జనం ఆ తలుపు దాటి లోపలికి పోతున్నది తమ హక్కుగానా, ఇంటివాడి దయ మీదనా? హక్కు అయితే కూటం మాది. దయ అయితే అక్కడ కాఫీ.

దావా నడిచినన్నాళ్ళూ ధనుర్మాసాలు వచ్చి పోతూనే ఉన్నాయి. గోష్ఠివాళ్ళు మూసిన తలుపు ముందు వీధిలో నిలబడి పాడేవాళ్ళు. మోటారుసైకిళ్ళు హారన్లు కొడుతూ పోయేవి. పాడేవాళ్ళు ఒక్కొక్కరే తగ్గిపోయారు.

ప్రతి స్వాతి నక్షత్రం నాడు నేను నరసింహస్వామికి పానకం పెడతాను. ఆ రోజుల్లో నా ప్రార్థనలో ఒకటే కోరిక ఉండేది. వాడు నా చేతిలో పడాలి. తాతతో ఈ మాట చెప్పాను.

"పగ మనది కాదమ్మా. ఆయనకు వదిలెయ్యాల" అన్నాడు తాత.

"ఆయనకు వదిలేసే నేను వాణ్ణి బోనులో ప్రశ్నలు అడగబోతున్నా తాతా."

"నీకు నోరు ఎక్కువ. ఆ స్వామి కోపం ఒక్క సాయంత్రంతో తీరిపోయింది. నీ కోపానికి వాయిదాల మీద వాయిదాలు కావాల."

నేను స్వామిని చూసే తీరు వేరు. ఆ రాక్షసుడు వరం అడిగినప్పుడు పొద్దున చావకూడదన్నాడు, రాత్రి చావకూడదన్నాడు, లోపలా వద్దన్నాడు, బయటా వద్దన్నాడు. ప్రతి షరతూ మంచి వకీలు రాసినట్టు రాయించుకున్నాడు. స్వామి ఆ వరంలో ఒక్క అక్షరాన్నీ మీరలేదు. మినహాయింపు అడగలేదు. సంధ్య దాకా ఆగాడు, గడప మీదికి తెచ్చుకున్నాడు, వాడు రాయించుకున్న మాటల మధ్యలోనే వాణ్ణి పట్టుకున్నాడు. క్రాస్ ఎగ్జామినేషన్ అంటే ఏమిటో నాకు నేర్పింది లా కాలేజీ కాదు. సాక్షి తనకు రక్షణ అనుకుని కట్టుకున్న గోడలోంచే బయటికి రావాలి. ఇది నా భక్తి. దీనికి నేను సిగ్గుపడను.

ధర్మకర్త బోనెక్కిన రోజు కోర్టు వరండాలో జనం కిక్కిరిసి ఉన్నారు. కడలూరు రోడ్డు మీది మా కోర్టులో ఫ్యానులన్నీ ఒక్కసారి తిరిగిన రోజు నేను చూడలేదు. అతను తెల్ల పంచె, తెల్ల చొక్కా, భుజాన జరీ అంచు కండువాతో వచ్చాడు. నన్ను చూసి ఆగాడు.

"ఏంది పాపా, నల్లకోటు వేసుకోని ఈ ఉక్కలో చెమటలు కక్కతా ఉండావు? నాయన అంగట్లో కూర్చోనుంటే గాలన్నా వచ్చును గదా."

"బాగున్నారా మామా?" అన్నాను. మా వీధిలో అతన్ని అందరం మామ అనే పిలుస్తాం.

"మాకేం? రాజా మాదిరి ఉండాం." పక్కనున్న తన వకీలు వైపు తిరిగి, "తాళ్ళంగడోని కూతురు సార్. మనల్ని కట్టేస్తాదంట" అన్నాడు. అతని వకీలు మంచివాడు, నా కంటే పెద్దవాడు. ఆయన నవ్వలేదు. నేను చేతులు జోడించి పక్కకు తప్పుకుని దారి ఇచ్చాను.

బోనులో మా మాటలన్నీ తమిళంలో సాగాయి. ఇక్కడ మా ఇళ్ళలో మాట్లాడుకునే తెలుగులో రాస్తున్నాను. కాగితాల జోలికి నేను పోలేదు. దస్తావేజు గురించి అడుగుతానని అతను సిద్ధపడి వచ్చాడు. నేను అతని గొప్పతనం గురించి అడిగాను.

"ఈ వీధిలో మీ కుటుంబానికి మంచి పేరు కదండీ?"

"మా ముత్తాత కాలం నుంచి, నాలుగు తలమురైలుగా."

"ధనుర్మాసంలో పరివట్టం, మొదటి తీర్థం ఎవరికి?"

"నాకే."

"మీ నాన్నగారి కాలంలో?"

"మా నాయనకీ ఉండె, మా తాతకీ ఉండె. అయితే వాళ్ళకు మొదటి దినం ఒకటే. నెలంతా అనేది నా కాలంలో వచ్చినాదే." ఈ మాట చెప్పేటప్పుడు అతను జడ్జి వైపు చూశాడు, ఆయనా మెచ్చుకోవాలన్నట్టు.

"అంటే మీ నాన్నగారికంటే మీకు ఎక్కువ మర్యాద?"

"అట్లనే అనుకోండి."

"పరివట్టం కట్టేటప్పుడు గోష్ఠి కూర్చునే ఉంటుందా?"

"కూర్చోనేదేంది? లేచి నిలబడాల. మరియాద గదా అది."

"ఎవరైనా లేవకపోతే?"

"నేను ఊరుకోను."

అతని వకీలు లేచి, ఈ ప్రశ్నలకూ ఆస్తికీ సంబంధం ఏమిటన్నాడు. కూటంలో జరిగే పద్ధతి ఏమిటో రికార్డులోకి రావాలన్నాను. జడ్జి కానివ్వమన్నాడు.  బల్ల అంచు గట్టిగా పట్టుకున్నాను.  

"ఒక ఏడాది ఆ మర్యాదను వేరేవాళ్ళకు ఇవ్వబోయారట. నిజమేనా?"

అతను నన్ను చూశాడు. ఎవరి గురించి అడుగుతున్నానో తెలిసింది. దాంతో అతని గొంతు పెరిగింది. నేను కోరుకున్నది అదే.

"ఇయ్యబోయినారు. చేపల రేవు దగ్గర అంగడి పెట్టుకున్న వానికి. నేను ఒప్పుకోలే. గోష్ఠినంతా కూర్చోబెట్టి అడిగినా. ఈ మరియాద మా కుటుంబానిది, నాకు నెలంతా ఇయ్యాల్సిందే అన్నా."

"గోష్ఠి ఏమంది?"

"ఏమంటాది? ఇచ్చినారు."

"గోష్ఠి ఇస్తే మీకు వచ్చింది."

"ఇయ్యకుంటే యాడ వస్తాది? నేను పోరాడి తీసుకున్నా."

"మీ ఇంట్లో పూజగది ఉందా?"

"ఉండాది. వెండి మండపం ఉండాది."

"అక్కడ రోజూ పూజ అయ్యాక మీకు పరివట్టం ఎవరు కడతారు?"

అతను నవ్వాడు. ఇంత తెలివితక్కువ ప్రశ్న అడిగినందుకు వరండాలోవాళ్ళకు వినపడేలా నవ్వాడు.

"ఇంట్లో ఎవరు కడతారమ్మా? అది నా ఇల్లు గదా. సొంత ఇంట్లో ఎవడన్నా మరియాద చేయించుకుంటాడా?"

ఆ మాట అతని నోట్లోంచి బయటికి రాగానే అతని వకీలు కళ్ళు మూసుకున్నాడు. జడ్జి టైపిస్టు వైపు చూసి, ఆ జవాబును మాట మాటగా ఇంగ్లీషులో చెప్పి రాయించాడు. యంత్రం టకటకలాడింది. అతనికి ఇంకా అర్థం కాలేదు. నేను అర్థమయ్యేదాకా ఆగాను. ముందు కండువా సర్దుకున్నాడు. తరువాత తన వకీలు ముఖం చూశాడు. ఆ తరువాత నా ముఖం చూశాడు.

"ఇంకేమీ అడగాల్సింది లేదు" అని కూర్చున్నాను. ఆ క్షణంలో నాకు కలిగిన ఆనందాన్ని గోష్ఠిలో ఏ పాటా, ఏ ప్రసాదమూ నాకు ఇవ్వలేదు. దేవుడు నన్ను దీనికి తప్పుపడతాడని తాత అన్నాడు. తప్పుపట్టేవాడే అయితే ఆ జవాబును అతని నోట్లో ఎందుకు పెట్టాడని అడిగాను. 

తీర్పు మాకే వచ్చింది. మర్యాద చేయించుకునే చోటు తన సొంత ఇల్లు కాదని ధర్మకర్తే ఒప్పుకున్నాడని జడ్జి రాశాడు. కూటం గోష్ఠి అందరిదీ. అందులోకి పోవడం జనానికి హక్కు. ధర్మకర్తను తొలగించే విషయం, ఇన్నేళ్ళ నిర్వహణకు, లెక్కలకు అతన్ని సంజాయిషీ అడిగే విషయం మాత్రం విడిగా విచారిస్తామని జడ్జి వాయిదా వేశాడు. చెన్నై వ్యాపారి వేరే పాత గోడలు వెతుక్కుంటూ పోయాడు. నేను స్వామికి బిందెడు పానకం చేసి వీధంతా పంచాను. అతని ఇంటికి కూడా పంపించాను. చెంబు నిండుగానే వెనక్కి వచ్చింది.

కానీ తాళం తీయలేదు. పైకోర్టులో అప్పీలు వేస్తున్నామని, తీర్పు అమలు ఆపమని అడుగుతున్నామని అతని వకీలు కబురు పెట్టాడు. అప్పీలంటే ఇంకెన్ని ధనుర్మాసాలో ఎవరూ చెప్పలేరు. ఆ వెంటే రెండో కబురు వచ్చింది. అప్పీలు మానుకుంటాడు, తాళంచెవి ఇచ్చేస్తాడు, పదవి కూడా వదిలేస్తాడు. సంజాయిషీ విచారణ మేము వదులుకోవాలి. అతను బతికినంతకాలం పరివట్టం, మొదటి తీర్థం మాత్రం అతనికే ఉండాలి.

తాత ఇంటి వసారాలో గోష్ఠి పెద్దలంతా కూర్చున్నారు. వాళ్ళ ముఖాల్లో ఆశ కనిపిస్తోంది. ధనుర్మాసం దగ్గరపడుతోంది.

"ఇచ్చేద్దాం" అన్నాడు ఒకాయన. "గుడ్డముక్కే గదా."

"ఆ గుడ్డముక్క మా నాన్న తల మీదికి రాబోతుంటే లాక్కున్నాడు. అప్పుడు మీరు నవ్వారు పెదనాన్నా" అన్నాను.

 ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

తాత అన్నాడు, "అమ్మా, కూటం తెరవాల్నా, వాణ్ణి కొట్టాల్నా? ఒకటి చెప్పు."

"రెండూ."

"రెండూ కుదిరేటట్టు రాయి, చూస్తా."

నేను ఇంటికి పోయి రాజీపత్రం రాశాను. నా వకీలు జీవితంలో అంత శ్రద్ధగా ఇంకే వాక్యమూ రాయలేదు. పరివట్టం ఇకపై పెరుమాళ్ళ పటానికే, ఏ మనిషికీ కట్టరు. తీర్థప్రసాదాలు గోష్ఠిలో అందరికీ, అతనితో సహా, అందరికంటే చివర అతనికి.

తాత చదివి తల అడ్డంగా ఊపాడు. "చివర అని రాయొద్దు. పెరుమాళ్ళ ముందు చివర అనేది లేదు. వచ్చిన వరుసలో అని రాయి."

ఒప్పుకున్నాను. ఒప్పుకోవడానికి నా కారణం నాకుంది. అతను ఎవరి వెనకా నిలబడే మనిషి కాదు. తాళ్ళమ్మేవాళ్ళ పక్కన, ఆటో నడిపేవాళ్ళ పక్కన, చెయ్యి చాచి వరుసలో నిలబడటం కంటే కూటం మొహం చూడకుండా ఇంట్లో కూర్చుంటాడు. మా నాన్నలాగే వీధి మలుపులోంచి వింటాడు. అదీ నేను కోరింది. "తీర్థప్రసాదాలు కూటానికి ముందు వచ్చినవారికి ముందుగా, వచ్చిన వరుసలోనే ఇవ్వబడును, దీనిలో ఎవరికీ ఏ ప్రత్యేక హక్కూ లేదు" అని రాశాను. సంతకం పెట్టడనే అనుకున్నాను. పెట్టాడు. సంజాయిషీ భయం పెట్టించిందని అతని వకీలు తరువాత చెప్పాడు. తాళంచెవి తాత చేతికి వచ్చింది.

ధనుర్మాసం మొదటి రోజున తలంటుకుని, పట్టుచీర కట్టుకుని బయలుదేరాను. అతను లేని కూటాన్ని కళ్ళారా చూడాలని. వీధిలో ఇంకా చీకటిగానే ఉంది. కూటం మెట్టు మీద ఎవరో మఫ్లరు చుట్టుకుని కూర్చుని ఉన్నారు.

అతనే.

గోష్ఠి చేరింది. అతను వీధులన్నీ మాతో పాటు తిరిగాడు, పాడాడు కూడా. తిరిగి వచ్చాక తాత తీర్థం గిన్నె పట్టుకుని నిలబడగానే అతను నేరుగా పోయి ముందు నిలబడ్డాడు.

"ఏందయ్యా ఇది?" అన్నారు ఎవరో.

"వచ్చిన వరుస. అందరికంటే ముందు వచ్చింది నేను. మెట్టు మీద కూర్చోనుంటే మీరే గదా చూసినారు?" అని నా వైపు చెయ్యి చూపించాడు. "వక్కీలమ్మనే అడగండి. రాసింది ఆమె."

అందరూ నన్ను చూశారు. నా వాక్యం నాకు అక్షరం అక్షరం గుర్తుంది. దానిలో ఎక్కడా సందు లేదు. "ఇవ్వు తాతా" అన్నాను. అతను మొదటి తీర్థం పుచ్చుకుని, తడిచేతిని బట్టతల మీద నెమ్మదిగా, ముందు నుంచి వెనకదాకా, నన్ను చూస్తూ తుడుచుకున్నాడు.

ఆ రోజు కోర్టు నుంచి రాగానే స్వామి ముందు కూర్చుని పోట్లాడాను. మరునాడు కోడి కూయకముందే లేచాను. పాలవ్యాను కూడా రాలేదు. మెట్టు ఖాళీగా ఉంది. కూర్చున్నాను. చలికి పళ్ళు కొట్టుకుంటుంటే నామాలు చెప్పుకున్నాను.

అతను వీధి మలుపు తిరిగి, నన్ను చూసి ఆగిపోయాడు. మెల్లగా దగ్గరికి వచ్చాడు.

"లే పాపా. అది మొగోళ్ళు కూర్చునే మెట్టు."

"రాజీలో అట్లా లేదు మామా."

"ఆడోళ్ళకు తీర్థం మొగోళ్ళ తరవాతే. ఎప్పుడూ అంతే గదా."

"రాజీలో అదీ లేదు."

నిజానికి రాసేటప్పుడు నాకూ ఆ ఆలోచన లేదు. అతను మెట్టు కింద, నేల మీద, నా తరువాత కూర్చున్నాడు. ఒకరొకరుగా వచ్చినవాళ్ళు మా ఇద్దరినీ చూసి వరుసగా అతని వెనక చేరారు. ఆడవాళ్ళ వైపునుంచి ఎవరో పకపకా నవ్వారు. తాత తాళంచెవితో వచ్చి, "పెరుమాళ్ళే, ఈ కూటంలో ఇంకేమేం చూడాల్నో" అంటూ తలుపు తీశాడు.

వీధులు తిరిగి వచ్చాం. తీర్థం గిన్నె ముందుకు నేను పోయాను. ఆ కూటంలో మగవాళ్ళకంటే ముందు ఒక ఆడమనిషి చెయ్యి చాచడం అదే మొదటిసారి. కర్పూరం, తులసి వాసన వేసే చల్లటి నీళ్ళు. తాగాను, చెయ్యి తల మీద తుడుచుకున్నాను. వెనక అతను అప్పటికే అరచెయ్యి గుంటగా చేసి చాచి ఉంచాడు. నేను పక్కకు జరగలేదు.

"జరుగమ్మా" అన్నాడు తాత. ఉద్ధరిణలోంచి నీళ్ళు బొట్టు బొట్టుగా నేల మీద పడుతున్నాయి. "ఆయన చెయ్యి చాపుకోనే ఉండాడు. చాలమ్మా, జరుగు."

ఇంకాసేపు నిలబడ్డాను.